నలుపలకల గడియారం గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన నలుపలకల చేతిగడియారం గారికి,

హన్మకొండ నుంచి మీ ఎడమ ముంజేయి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. నిన్న చావి ఇవ్వడం మరిచాను. మీరు రాత్రి రెండింటికే నిలబడిపోయారు. క్షమించగలరు.

మీరు మా అమ్మతోపాటు ఈ ఇంటికి వచ్చినవారు. పెండ్లిలో తాత బాపుకు పెట్టినప్పుడు సైకిలు, రేడియో కూడా మీ వెంటే వచ్చాయి. సైకిలు ఊరంతా తిరిగి అరిగింది. రేడియో వార్తలు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. మీరు మాత్రం కొన్నేళ్లకు దస్తీలో చుట్టుకొని బీరువాలో పండుకున్నారు. కొత్తల్లుడైనా మూడు పండుగలకు మెత్తబడతాడు, మీ అలక ఇంకా తీరలేదు.

వంశం గొప్పదే, కాదనను. 1917లో ఫ్రాన్స్ నగల వ్యాపారి లూయీ కార్టియే మీ పెద్దన్న 'ట్యాంక్' గడియారాన్ని గీసింది రెనో యుద్ధట్యాంకును పైనుంచి చూసిన ఆకారంలో అంటారు. (నాకు ట్యాంకంటే డాబా మీది నల్లదే.) 1931లో పుట్టిన మీ దాయాది రివర్సో మన దేశంలో పోలో ఆడే దొరల కోసం తయారైంది. దెబ్బ తగలకుండా ముఖం అటు తిప్పుకుంటుంది. మీకు తిప్పుకునే మరలేదు గానీ ముఖం చాటేయడం బాగానే వచ్చు. గుండ్రటి గడియారానికైతే వెనక మూత తిప్పి బిగించవచ్చు. మూలలున్న మీకది కుదరదు, మీ మూత నొక్కి మూసేది. ఆ సందులోంచి వరంగల్ మే నెల చెమట దిగి అద్దానికి ఆవిరి పడుతుంది. మొన్న బియ్యం డబ్బాలో పెడితే ఇంటావిడ, "ఎసట్ల గూడ ఎయ్యమంటవా?" అంది.

చౌరస్తాలో కంటికి భూతద్దం బిగించుకొని కూర్చునే చాచాకు చూపించాను. మీ గుండె సెకనుకు ఐదుసార్లు కొట్టుకోవాలి, గంటకు 18,000. చాచా మిమ్మల్ని చెవికి ఆనించుకొని, "కొట్టుకుంటుంది సార్, మనసు పెట్టి కొట్టుకుంటలేదు" అన్నాడు. సామాను దొరకదట. ఇంకో పాత గడియారం తెస్తే అందులోంచి తీసి వేస్తాడట. మీరు బతకాలంటే మీ చుట్టం ఒకరు పోవాలన్నమాట.

మీరు పలుచగా పుట్టిందే చొక్కా కఫ్ కిందికి జారడానికని తెలిసి, ఎండాకాలంలో ఫుల్‌హ్యాండ్స్ కుట్టించుకున్నాను. గుండీ పెడితే మీరు కనబడరు. మడిస్తే ఆ చొక్కా ఎందుకు కుట్టించినట్టు? పెండ్లిళ్లలో ఊరికే చెయ్యి పైకెత్తి జుట్టు సవరించుకుంటున్నాను. నాకున్నది నాలుగు వెంట్రుకలు.

కాజీపేట సంగతి కూడా చెప్పాలి. మీరు ఇంకా నాలుగు నిమిషాలుందన్నారు. నేను మెట్లు దిగేసరికి రైలు చివరి పెట్టె మీది ఎక్స్ గుర్తు కనిపించింది. అప్పుడే ఎవరో, "టైమెంతైంది సార్?" అన్నారు. మిమ్మల్ని చూసి, సెల్‌ఫోన్ చూసి చెప్పాను.

అయినా బీరువాలోకి పంపలేను. రెండు పక్కల నిటారు కమ్మీలు, వాటి నడుమ పొడుగు రోమన్ అంకెలు, కోటలో తోరణాన్ని చేతికి కట్టుకున్నట్టుంటారు. కుడి మూల బంగారు పూత పోయి ఇత్తడి కనబడుతుంది. చావి ఇచ్చేటప్పుడు బాపు బొటనవేలు ఆనేది అక్కడే. నా వేలూ అక్కడే ఆనుతుంది.

ఎల్లుండి హంటర్ రోడ్డులో పెండ్లి. సుముహూర్తం 10 గంటల 42 నిమిషాలకు. మీ లెక్కన ఎన్నింటికి బయలుదేరాలో ముందే తెలపగలరు.

ఇట్లు,
మీ ఎడమ ముంజేయి