మెరుపు సంగతి తర్వాత, ముందు చక్రాలు చూడండి

ఎవరు పెన్సిల్‌తో బైక్ బొమ్మ గీసినా చూసినవాళ్లది ఒకటే మాట: "అబ్బ, అచ్చం ఫోటోలా ఉంది!" ట్యాంకు మీద మెరుపు, సైలెన్సర్ నిగనిగ చూసి మురిసిపోతారు. నా కళ్లు మాత్రం తిన్నగా చక్రాల మీదకే పోతాయి. అక్కడేమో కోడిగుడ్లు! రోజుల తరబడి షేడింగ్ చేసిన బండి అడుగు కూడా కదలలేని చక్రాల మీద నిలబడి ఉంటుంది.

ఇంత కోపం ఎందుకంటే, ఆ తప్పు మూడు వారాలు కూర్చుని నేనూ చేశాను. ముందు హెడ్‌లైట్ గీశాను, ఎందుకంటే అది సరదా. తర్వాత ట్యాంకు. చక్రాలు చివరికి మిగిలాయి. ఎలాగోలా ఇరికించాను.

కాస్త ఏటవాలుగా చూస్తే చక్రం గుండ్రంగా కనిపించదు, దీర్ఘవృత్తంలా కనిపిస్తుంది. ఇది అందరికీ తెలుసు. పట్టించుకోనిది ఏమిటంటే, ఆ దీర్ఘవృత్తం ఇరుకు వైపు ఇరుసు పోయే దిక్కులోనే ఉండాలి. రిమ్, హబ్ (చక్రం నడిమధ్య ముక్క), బ్రేకు డిస్క్ అన్నీ ఒకే పుల్లకి గుచ్చిన పూసలు. ఒక్కటి వంకరపోయినా చక్రం నలిగిపోయినట్టే ఉంటుంది. పైగా హ్యాండిల్ తిప్పి ఉంటే ముందు ఇరుసు దిక్కే మారిపోతుంది, కాబట్టి వెనక చక్రాన్ని చూసి ముందుది గీస్తే కుదరదు.

స్పోకులైతే మరీ ఘోరం. సూర్యకిరణాల్లా నడిమధ్య నుంచి తిన్నగా లాగేస్తారు. బైక్ స్పోకులు చాలావరకు అలా ఉండవు బాబూ! హబ్ అంచు నుంచి పక్కకి బయలుదేరి ఒకదాన్నొకటి దాటుకుంటూ రిమ్‌కి చేరతాయి. ఇంజన్ హబ్‌ని మెలిపెడుతుంది కదా, ఆ లాగుడు తట్టుకోవాలంటే అలాగే ఉండాలి.

ఇంజన్ ఫిన్స్ (ఇంజన్ చుట్టూ ఉండే పలచని రెక్కలు) గురించి చెప్పేది పెద్దగా లేదు. ఓపిక ఉంటే వస్తాయి.

ఇక క్రోమ్. దయచేసి వేలితో రుద్దకండి. క్రోమ్‌కి సొంత రంగంటూ లేదు, చుట్టూ ఏముంటే అదే. ఆరుబయట నిలబెట్టిన బండి సైలెన్సర్ చూడండి: పైన ఆకాశం తెల్లగా, కింద నేల ముదురుగా, రెండిటి మధ్య కత్తితో కోసినట్టు గీత. ఆ గీతని రుద్ది మెత్తబరిస్తే అది ప్లాస్టిక్ గొట్టం అయిపోతుంది. తెలుపు అనేది పెన్సిల్‌తో రాదు, కాగితాన్ని అలా వదిలేస్తేనే వస్తుంది. 6బి (బాగా మెత్తగా, నల్లగా గీసే పెన్సిల్) పెట్టి నొక్కేశాక ఏ రబ్బరూ ఆ తెలుపుని పూర్తిగా తిరిగి ఇవ్వదు. ఇంకో తమాషా, మరీ నొక్కితే పెన్సిల్‌లోని గ్రాఫైటే మెరుస్తుంది. నల్లగా ఉండాల్సిన టైరు వెలుతురులో బూడిద రంగులో కనిపిస్తుంది!

నా మూడు వారాల బొమ్మ ఇంకా నా దగ్గరే ఉంది. ట్యాంకు బాగానే వచ్చిందని చక్రాలు కత్తిరించేసి, పై ముక్క మాత్రం దాచుకున్నాను.