మంచం మారిస్తే వెన్ను తిన్నగా అవుతుందా?

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో, తర్వాత ఆఫీసులో పక్క సీటు అమ్మాయి నుంచి, ఆ తర్వాత కడపలో ఉన్న మా పిన్ని నుంచి. నిన్న రాత్రి మా ఆడపడుచు పంపి, కింద "వదినా, బాబుకి వెంటనే మంచం మార్చండి" అని కూడా రాసింది. మూడుసార్లు చూసి ఊరుకున్నాను. ఇక ఊరుకోబుద్ధి కాలేదు. అందులో ఒక పాయింటు నమ్మి మా బ్లాకులోనే ఒక తల్లి ఎంత బాధపడిందో నేను దగ్గరుండి చూశాను.

చూడనివాళ్ళ కోసం ఆ మెసేజ్ సారాంశం: చిన్న మంచం మీద ముడుచుకుని పడుకుంటే పిల్లల ఎత్తు ఆగిపోతుంది. పదమూడేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ కనీసం క్వీన్ సైజు మంచం ఉండాలి. ఇరుకు మంచం వల్ల వెన్నెముక వంకర పోతుంది, పెద్ద మంచం వేస్తే ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. పరుపు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. ఇనుప మంచం వద్దు, ఉత్తరం వైపు తల వద్దు. ఆరో పాయింటు, 72 అంగుళాల మంచం ఎదిగే పిల్లలకి చాలదు. చివర్లో మామూలే, "మీకు పిల్లల మీద ప్రేమ ఉంటే పదిమందికి పంపండి."

ముందు ఎత్తు సంగతి. పిల్లలు పొడుగయ్యేది ఎముకల చివర ఉండే గ్రోత్ ప్లేట్ల దగ్గర. అవి ఎప్పటిదాకా పనిచేయాలో, ఎంత పెరగాలో తల్లిదండ్రుల పోలిక, తిండి, ఆరోగ్యం, ఆ వయసు హార్మోన్లు తేలుస్తాయి. కాలి వేళ్ళకి మంచం పట్టె తగిలిందన్న సంగతి తొడ ఎముకకి తెలియదు. గాఢనిద్రలో గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుందన్న మాట నిజమే. దానికి కావలసింది నిద్ర. కాళ్ళు చాచుకున్నా, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నా అది విడుదలవుతూనే ఉంటుంది. మా నాన్న చిన్నప్పుడు పడుకున్న నులక మంచం ఊళ్ళో ఇంకా ఉంది, అయిదున్నర అడుగులు దాటదు. ఆయన అయిదు అడుగుల పదకొండు అంగుళాలు.

"కొత్త మంచం వేశాక మావాడు పొద్దున్నే కొలిస్తే సెంటీమీటరు పెరిగాడు" అని గ్రూపులో ఒకరు రాశారు. పొద్దున అందరం పెరుగుతామండీ. పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, పగలంతా మన బరువు మోసి సాయంత్రానికి మళ్ళీ అణుగుతాయి. ఆ తేడా ఒక సెంటీమీటరు దాకా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళు కూడా బరువు లేక కొంత పొడుగవుతారు, భూమ్మీదికి వచ్చాక మళ్ళీ మామూలైపోతారు. పిల్లల్ని ఎప్పుడు కొలిచినా ఒకే వేళకి, అదే గోడ దగ్గర కొలవండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. పెద్దమనిషి కాని పిల్ల, ఇంకా గొంతు మారని పిల్లాడు ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించండి. థైరాయిడ్ లాంటిది ఏదైనా ఉంటే ఒక రక్త పరీక్షతో తెలుస్తుంది. అలాంటి పిల్లకి మంచం కొనిపెట్టి ఏడాది ఎదురుచూస్తే పోయేది ఆ ఏడాదే. గ్రోత్ ప్లేట్లు ఒకసారి మూసుకుపోయాక ఎంత ఖర్చుపెట్టినా తెరుచుకోవు.

క్వీన్ సైజు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బెంగళూరు టూ బీహెచ్‌కేలో రెండో బెడ్‌రూము సాధారణంగా పది బై పది. ఒక గోడకి వార్డ్‌రోబ్ రెండడుగులు తింటుంది, మిగిలింది ఎనిమిది. క్వీన్ మంచం చెక్కతో కలిపి అయిదడుగుల నాలుగంగుళాలు వేసుకోండి. రెండడుగుల ఎనిమిది అంగుళాలు మిగిలాయి. చదువుకునే బల్ల రెండడుగులు. ఇక కుర్చీ ఎనిమిది అంగుళాల్లో వేయాలి. అప్పుడు పిల్లాడు మంచం మీదే పుస్తకాలు, అక్కడే ల్యాప్‌టాప్, అక్కడే ఫోను, అక్కడే నిద్ర. పదో తరగతి పిల్లాడికి అంతకంటే చెరుపు ఉంటుందా? అదే మూడడుగుల మంచమైతే బల్ల పోను ఇంకా రెండున్నర అడుగులకి పైనే మిగులుతుంది, కుర్చీ వెనక్కి లాగి లేవగలడు. అమ్మమ్మ వచ్చి పక్కన పడుకునే ఇల్లయితే, గది పెద్దదైతే, క్వీన్ వేసుకోండి, ఎవరూ కాదనరు. ఇల్లు మారినప్పుడల్లా ఆ పరుపు లిఫ్టులో పట్టక ఆరంతస్తులు మెట్ల మీద మోయించినవాళ్ళని మాత్రం ఒకసారి అడిగి వేసుకోండి.

ఇప్పుడు మూడో పాయింటు. నాకు కోపం తెప్పించింది ఇదే.

మా బ్లాకులో ఒక పాప. పదమూడో ఏట ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. జాకెట్టు కొలతలకి టైలర్ దగ్గరికి వెళితే, ఆవిడ టేపు ఒకసారి వేసి, తీసి, మళ్ళీ వేసింది. "అమ్మా, పాప కుడి భుజం కాస్త పైకుంది, నడుము దగ్గర కూడా ఒక పక్క వంపు ఎక్కువుంది. లంగా అంచు సమంగా రావాలంటే ఒక వైపు దించి కుట్టాలి" అంది. టేపు పట్టుకున్న ఆ మనిషి చూసింది సరిగ్గానే చూసింది. ఇంటికొచ్చాక ఆ తల్లికి ఎవరో ఈ మెసేజ్ పంపారు. ఇరుకు మంచం వల్లే అయిందనుకున్నారు. పాత మంచం తీసేసి పెద్దది వేశారు, చెక్కలాంటి పరుపు వేశారు. ఆరు నెలలు అని మెసేజ్‌లో ఉంది కదా, ఎదురు చూశారు. ఎనిమిదో నెలలో స్కూలు యూనిఫాం వెనకనుంచి చూస్తేనే తెలిసిపోయేంత అయ్యాక ఎక్స్‌రే తీయించారు. ఇప్పుడా పాప రోజులో ఎక్కువ గంటలు, వంపు పెరగకుండా ఒంటికి బిగించే గట్టి ప్లాస్టిక్ బ్రేస్ కట్టుకుని ఉంటోంది. మొదటి వారమే చూపించి ఉంటే ఆ వంపు ఎంత దగ్గర ఆగేదో ఎవరూ చెప్పలేరు. కానీ పిల్ల జోరుగా ఎదిగే ఎనిమిది నెలలు ఒక మంచాన్ని నమ్ముకుని పోయాయి. "అక్కా, నేను పరుపుల షాపుకి తీసుకెళ్ళాను కానీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళలేదు" అని ఆ తల్లి నా దగ్గర ఏడ్చింది. తప్పు ఆవిడది కాదు, ఆ మాట రాసినవాళ్ళది.

దీన్ని స్కోలియోసిస్ అంటారు. వెన్నెముక పక్కకి వంగుతూ మెలి తిరుగుతుంది. పదేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వచ్చే రకంలో చాలామంది పిల్లల్లో ఫలానాదే కారణమని చెప్పలేరు, వంశపారంపర్యం పాత్ర కొంత ఉంది. మంచం వెడల్పు వల్లో, స్కూలు బ్యాగు వల్లో, వంకరగా కూర్చోవడం వల్లో వచ్చేది కాదు. ఈ వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో కొంత వంపు ఉంటుంది. ఎక్కువమందికి అది తక్కువలోనే ఆగిపోతుంది, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు. కొందరికి, ముఖ్యంగా ఆడపిల్లలకి, ఒక్కసారిగా పొడుగయ్యే ఆ ఏడాది రెండేళ్ళలో వంపు కూడా పెరుగుతుంది. ఇంకా ఎదిగే వయసుండి వంపు పాతిక, నలభై డిగ్రీల మధ్య ఉంటే డాక్టర్లు సాధారణంగా బ్రేస్ చెబుతారు. అమెరికా, కెనడాల్లో చేసి 2013లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో, బ్రేస్ కట్టుకున్న పిల్లల్లో 72 శాతం మందికి ఎదుగుదల ఆగేదాకా వంపు 50 డిగ్రీలు చేరలేదు. బ్రేస్ లేకుండా గమనిస్తూ ఉన్నవాళ్ళలో అది 48 శాతమే. ఎక్కువ గంటలు కట్టుకున్నవాళ్ళకి ఎక్కువ ఫలితం. ఎదుగుదల ఆగిపోయాక బ్రేస్‌తో ఉపయోగం లేదు, 50 దాటితే ఆపరేషన్ గురించి మాట్లాడాల్సి వస్తుంది. అందుకే నెలలు లెక్కపెట్టేది. "ఆరు నెలలు ఆగండి" అని రాసినవాళ్ళకి ఆ ఆరు నెలల విలువ తెలుసా?

ఇంట్లో చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. పిల్లని పలచటి బనీనులో వెలుతురున్న చోట వీపు మన వైపు ఉండేలా నిలబెట్టండి. పాదాలు దగ్గరగా, మోకాళ్ళు వంచకుండా, రెండు చేతులూ కలిపి కిందికి వదిలేసి ముందుకి వంగమనండి. వీపు మన కంటికి సమంగా ఉండేలా కూర్చుని చూడండి. ఒక పక్క పక్కటెముకల దగ్గర గూనిలా ఎత్తుగా కనిపిస్తే ఎముకల డాక్టర్‌కి చూపించాలి. భుజాలు హెచ్చుతగ్గులుగా ఉన్నా, ఒక రెక్క ఎముక పొడుచుకొచ్చినట్టున్నా, చేతికీ నడుముకీ మధ్య సందు ఒక పక్కే ఎక్కువున్నా అంతే. ఈ వయసు పిల్లలు సిగ్గుపడతారు, బట్టలు మార్చుకునేటప్పుడు తలుపేసుకుంటారు, అందుకే మనకి ఆలస్యంగా తెలుస్తుంది. ఆడపిల్లయితే తల్లే చూడాలి. ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్ళకి, బెంగళూరులో జయనగర్ వైపు సంజయ్ గాంధీ ఇన్‌స్టిట్యూట్ ప్రభుత్వ ఆసుపత్రే, ప్రమాదాల, ఎముకల వైద్యం కోసం ఉంది. ముందు ఎక్స్‌రే తీయించండి, మంచం సంగతి తర్వాత.

గట్టి పరుపు గురించి రెండు మాటలు. స్పెయిన్‌లో 313 మంది నడుంనొప్పి ఉన్న పెద్దవాళ్ళ మీద చేసిన పరిశీలన 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బాగా గట్టి పరుపు మీద పడుకున్నవాళ్ళ కంటే, మధ్యరకం గట్టిదనం ఉన్నదాని మీద పడుకున్నవాళ్ళకే నొప్పి బాగా తగ్గింది. అది పెద్దవాళ్ళ సంగతి, నిజమే. కానీ నలభై అయిదు కిలోల పిల్లని చెక్క మీద పడుకోబెట్టమనడానికి మీ దగ్గర ఏ ఆధారం ఉంది? పక్కకి తిరిగి పడుకున్నప్పుడు భుజం, తుంటి కాస్త దిగాలి, నడుము వేలాడకూడదు. షాపులో పిల్లని పది నిమిషాలు పడుకోబెట్టి చూస్తే తెలిసిపోతుంది. పది చోట్ల గుంటలు పడిన పాత దూది పరుపు మాత్రం మార్చండి.

ఇనుప మంచం కిర్రుమంటే బోల్టులు బిగించండి. ఉత్తరం తల మీ ఇంటి నమ్మకం, పాటించేవాళ్ళు పాటించండి. పిల్లల ఎదుగుదలకి రెండింటితోనూ సంబంధం లేదు.

ఇక ఆరో పాయింటు. దీన్ని కూడా కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను. నిన్న రాత్రి పదకొండింటికి మావాడి గదిలోకి వెళ్ళి లైటు వేశాను. ఐమూలగా పడుకుని ఉన్నాడు, తల ఒక మూల, కాళ్ళు ఇంకో మూల. పాదాల దగ్గరి పలకకి వాడి కాలి వేళ్ళు ఆనుకుని ఉన్నాయి. ఆ పలక మీద అరచేయంత మేర పాలిష్ అరిగిపోయి తెల్లగా కనిపించింది. రోజూ దుప్పటి మార్చే నేను ఇన్ని నెలలూ అది చూడలేదు. వాడిప్పుడు అయిదు అడుగుల పది, అంటే డెబ్బై అంగుళాలు. మంచం 72. తలగడ పెట్టుకుంటే మనిషి ఇంకాస్త కిందికి జరుగుతాడు. ఉదయం 6.50కి స్కూలు బస్సు, ఈ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, పిల్లాడేమో రాత్రంతా కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలా అని దొర్లుతున్నాడు. మెసేజ్ రాసినవాళ్ళు ఈ ఒక్కటీ సరిగ్గా చెప్పారు, ఒప్పుకుంటున్నాను. 72 చాలదు.

కొనేవాళ్ళు పిల్లల ఎత్తుకి నాలుగైదు అంగుళాలు కలిపి పొడవు చూసుకోండి. ఇంకా పెరిగే పిల్లలైతే తల్లిదండ్రుల ఎత్తు కూడా చూడాలి. ఇద్దరి ఎత్తూ సెంటీమీటర్లలో కూడి, మగపిల్లాడికి 13 కలిపి, ఆడపిల్లకి 13 తీసేసి, సగం చేస్తే రమారమి అంచనా వస్తుంది, అటూ ఇటూ ఎనిమిదేసి సెంటీమీటర్ల తేడాతో. మన దగ్గర పరుపులు 72, 75, 78 అంగుళాల్లో సులువుగా దొరుకుతాయి. పరుపు 78ది కొని మంచం 75ది తెచ్చుకోకండి, టేపు పట్టుకెళ్ళి మంచం లోపలి కొలత చూసుకోండి. కాళ్ళ వైపు పలక లేని మంచమైతే ఇంకా నయం. మేం మావాడికి 78 బై 36 చెప్పొచ్చాం, వచ్చే ఆదివారం వస్తుంది.

ఈ మెసేజ్ ఇంకెవరికైనా పంపాలనుకుంటే ఆరో పాయింటు ఉంచి పంపండి. మూడోది మాత్రం దయచేసి తీసేయండి. ఇప్పటికే ఆడపిల్లలున్న ఇళ్ళకి పంపేసి ఉంటే, ఈ రాత్రే వాళ్ళకి ఫోన్ చేసి ఆ ముందుకి వంగే పరీక్ష ఎలా చూడాలో చెప్పండి.