తుంటి కుంగక ముందే

తునికాకు కట్టలు కట్టాలంటే బాసింపట్టు వేసుకుని గంటల తరబడి కూర్చోవాలి. నిరుడు అలా కూర్చున్న మనిషి ఈ ఏడు ఒక కాలు చాపుకుని, గోడకు ఆనుకుంటే ఇంట్లోవాళ్లు వాతం అంటారు. గజ్జల్లో పుట్టిన నొప్పి ఒక్కోసారి మోకాలి దాకా దిగుతుంది కనుక మోకాలికి తైలం రాస్తారు. ఆపైన మహారాష్ట్ర సరిహద్దులోని మన సిరోంచలోనో, గోదావరి వంతెన దాటి తెలంగాణలోనో కాగితం పొట్లంలో పేరులేని తెల్ల బిళ్లలు కట్టించుకుంటారు. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. ఆ బిళ్ల స్టెరాయిడ్ అయితే, తుంటిని గుల్ల చేసే మందునే తుంటి నొప్పికి మింగుతున్నట్టు.

ఈ మందు ముందుగా కొవ్వు జోలికి వెళుతుంది. ఎముక మజ్జలోని మూలకణాలు కొన్ని ఎముకను కట్టే కణాలుగా, కొన్ని కొవ్వు కణాలుగా మారుతుంటాయి. స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో పడితే మొగ్గు కొవ్వు వైపు తిరుగుతుంది. కొవ్వు కణాలు పెరుగుతాయి, ఉబ్బుతాయి. రక్తంలోనూ కొవ్వు శాతం మారుతుంది. సన్నని నాళాల్లో కొవ్వు బిందువులు అడ్డుపడటమూ ఒక కారణమని పరిశోధకుల అంచనా. తొడ ఎముక తల కొబ్బరి చిప్పలా గట్టిది, లోపల ఒత్తిడి పెరిగినా సాగదు. దానికి రక్తం తెచ్చే దారులే తక్కువ. అవి నలిగితే ఎముక కణాలు చనిపోతాయి, కొన్ని నెలలకో ఏళ్లకో ఒంటి బరువు మోయలేక ఆ గుండ్రని తల కుంగిపోతుంది. చాలామందిలో రెండు వైపులా.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కాదు. కార్టిజోన్ అనే స్టెరాయిడ్‌తో కీళ్లవాతం రోగులను లేపి నడిపించినందుకు అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్‌కు 1950లో నోబెల్ వచ్చింది. మరో ఏడేళ్లకే తుంటి దెబ్బతిన్న కేసు వైద్య పత్రికకెక్కింది. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు స్టెరాయిడ్ వాడి బయటపడినవారిలోనూ, కోవిడ్ తరువాత మన దేశంలోనూ వైద్యులు దీన్ని చూశారు.

స్టెరాయిడ్‌ను మేము తిట్టిపోయడం లేదు. ఉబ్బసం, లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే తిరగబడే జబ్బు), మూత్రపిండాల మార్పిడి వంటి చోట్ల అది ప్రాణదాత. వాడుతున్నవారు ఈ సంపాదకీయం చదివి తమంతట తాము మానేయకూడదు. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

మా బాధంతా తొలి దశ చేజారిపోతున్నందుకు. అప్పుడు తీసిన ఎక్స్‌రే నిక్షేపంగా ఉంటుంది. ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, ఎముక బాగానే ఉందని పంపేస్తారు. చచ్చిన భాగాన్ని ఆ దశలో అన్నిటికంటే బాగా పట్టుకునేది ఎంఆర్ఐ. తల కుంగక ముందు దొరికితే ఎముకకు రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్‌తో కీలును కాపాడే అవకాశం ఉంది. కుంగాక చాలామందికి మిగిలేది కృత్రిమ కీలే. ముప్పై, నలభై ఏళ్ల కూలీకి అది జీవితాంతం సరిపోతుందన్న భరోసా లేదు.

సిరోంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్లకు పైనే. అందుకే జనం మంచిర్యాల, వరంగల్ దారి పడతారు. అక్కడ ఒకరు రాసిన మందు ఇక్కడివారికి తెలియదు. ఇక్కడ మరాఠీలో చెప్పిన జాగ్రత్త తెలుగు ఇంటికి చేరదు. నదికి ఇటు మహారాష్ట్ర ఫులే ఆరోగ్య పథకం, అటు తెలంగాణ ఆరోగ్యశ్రీ. రోగి మాత్రం మధ్యలో. గడ్చిరోలిలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త వ్యాధి కూడా ఉంది, అదీ రక్తం దారులు మూసి ఇదే తుంటిని చంపుతుంది. కనుక ఇక్కడ గజ్జల్లో నొప్పిని తేలిగ్గా తీసుకునే హక్కు ఏ వైద్యుడికీ లేదు.

స్టెరాయిడ్లు చీటీ లేకుండా అమ్మరాని షెడ్యూల్ హెచ్ మందులు. ఆ నిబంధనను ఇరు రాష్ట్రాల ఔషధ తనిఖీ అధికారులు వంతెనకు రెండు వైపులా ఒకేసారి అమలు చేయాలి. మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులన్నది రోగికి అర్థమయ్యే తెలుగులో ఒక కార్డు మీద రాసివ్వాలి. గజ్జల్లో నొప్పితో వచ్చినవారిని స్టెరాయిడ్ వాడారా అని, సికిల్ సెల్ పరీక్ష అయిందా అని అడగాలి. స్టెరాయిడ్ వాడినవారిని, సికిల్ సెల్ ఉన్నవారిని ఎంఆర్ఐ ఉన్న చోటికి చేర్చేందుకు సిరోంచ నుంచి వారానికి ఒక్క బండి నడపాలి. ఆ స్కానింగ్ ఖర్చును ఏ రాష్ట్రం భరిస్తుందో ఇరు ప్రభుత్వాలూ కూర్చుని వచ్చే తునికాకు సీజన్ లోపు తేల్చాలి.