కల్లు ఆగిన రోజు కావాల్సింది డాక్టరు

మత్తు అలవాటు మాన్పించే డీ-అడిక్షన్ కేంద్రంలో కౌన్సెలర్ ఉంటే చాలు, సైకియాట్రిస్టు వారానికోసారి వచ్చిపోయినా సరిపోతుందని మీరు రాసిన వ్యాసంతో ఏకీభవించలేను. 2015లో కల్తీ కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు నిజామాబాద్, మెదక్ పల్లెల్లో ఏమైందో గుర్తు చేసుకోండి. అల్ప్రాజోలం, డైజిపామ్ అనే మత్తుమందులు కలిపిన కల్లు ఒక్కసారిగా ఆగేసరికి చేతులు వణకడం, ఫిట్స్, పొంతనలేని మాటలు. ఆ స్థితిలో ఎంత నచ్చజెప్పినా మనిషి తలకెక్కదు. ఏ మందు ఎంత మోతాదుతో మొదలుపెట్టాలి, రోజురోజుకీ ఎంత తగ్గించాలి అన్నది డాక్టరు దగ్గరుండి చూడాలి. మద్యం ఎక్కువగా తాగేవాళ్లకైతే థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు. కౌన్సెలింగ్ కావాలి, కాదనను, కానీ వణుకు తగ్గాక. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు లేకపోతే ఆ మనిషిని ఇంటివాళ్లు కూలి మానుకుని హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా మోసుకురావాలి. ముందు ఆ పోస్టులు భర్తీ చేయమని రాయండి.