కాస్టిక్ సోడాలో ఏ పార్టయినా వేసేయొచ్చా?

పాత కార్లు బాగుచేసుకునే చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది: "మొండి మడ్డి పోవాలంటే ఏ పార్టయినా కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టండి. నురగ వచ్చిందంటే మురికి పోతున్నట్టే. తుప్పుకి బాత్రూమ్ యాసిడ్, చివర్లో పెట్రోలు. కార్బ్యురేటర్ జెట్లను తీగతో పొడవండి."

"ఏ పార్టయినా" అనడం దగ్గరే కొంప మునుగుతుంది. ఇనుము కాస్టిక్‌కు తట్టుకుంటుంది, అల్యూమినియం కరిగిపోతుంది. అప్పుడు పొంగే నురగలో ఉండేది హైడ్రోజన్. మూత పెట్టిన డ్రమ్ములో అది నిండితే పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. మా వీధిలో ఒకాయన తన ప్రీమియర్ పద్మిని ఫ్యూయల్ పంపు బాడీని ఇలాగే రాత్రంతా ఉంచి, పొద్దున్నే నా దగ్గరికి పట్టుకొచ్చారు. మసి పూసినట్టు నల్లబడింది. లీకు ఆపే గ్యాస్కెట్ పొర కూర్చునే అంచును వేలితో తడిమితే ఉప్పుకాగితంలా గరగరలాడింది. ఇంకోదాని కోసం ఇద్దరం చెన్నైలోని పాత కారు పార్టుల బజారు పుదుపేటలో మూడు శనివారాలు తిరిగాం. కాబట్టి ముందు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే కాస్టిక్ జోలికి పోకండి. కార్బ్యురేటర్ బాడీ ఎక్కువగా జింకు మిశ్రమం, దానికీ కాస్టిక్ పడదు.

బాత్రూమ్ యాసిడ్ తుప్పుతో ఆగదు, మంచి ఇనుమునూ తింటుంది. దాని ఆవిరికి పక్కనున్న స్పానర్లు తుప్పు పడతాయి, గట్టి స్టీలు స్ప్రింగులు పెళుసెక్కుతాయి. ఇనుప పార్టులకు లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, గంటకోసారి తీసి బ్రష్ చేస్తే చాలు. కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి పక్కగదిలో స్టవ్ దాకా పోతుంది. ఇంట్లో దాంతో కడగొద్దు, దయచేసి. కిరసనాయిలు కొంత నయం, కానీ మే నెల ఎండలో దాన్నీ మంటకు దూరంగానే ఉంచాలి.

ఇక జెట్ల సంగతి. ఇవి కార్బ్యురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు. సోలెక్స్ కంపెనీ జెట్ మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని అర్థం. మెత్తటి ఇత్తడిని తీగతో గీకితే ఆ కొలత చెడుతుంది, మైలేజీ పడిపోతుంది. కంప్రెసర్ గాలి కొట్టించండి.

పుదుపేటలో దొరికిన పంపుకూ అరంగుళం మడ్డి ఉంది. కిరసనాయిల్లో నానబెట్టి, చెక్కపుల్లతో గీరి, పాత టూత్‌బ్రష్‌తో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో తోమాం. రెండు సాయంత్రాలు పట్టింది. కింద పోతపోసిన అక్షరాలు ఒక్కటీ అరగకుండా బయటపడ్డాయి.