సవరణ: అది అద్దె కోరస్ కాదు

మొన్న ఆదివారం క్వీన్ బ్యాండు ‘బొహీమియన్ రాప్సడీ’ పాట గురించి రాస్తూ, మధ్యలో వచ్చే ఒపెరా భాగానికి పెద్ద కోరస్‌ను పిలిపించారన్నాను. తప్పు. నరసాపురంలో చర్చి క్వాయర్‌కి కీబోర్డు వాయించే మా బాబాయి అది చదివి, "ఒరేయ్, ఆ గొంతులన్నీ ముగ్గురివేరా!" అని ఫోన్‌లోనే తలంటాడు.

ఆయన మాటే నిజం. పాడింది బ్యాండులోని ఫ్రెడీ మెర్క్యురీ, బ్రయాన్ మే, రోజర్ టేలర్, అంతే. 1975లో 24 ట్రాకుల (అంటే 24 వరసల్లో విడివిడిగా రికార్డు చేసుకోగల) టేపు మీద పాడిందే మళ్లీ మళ్లీ పాడి, పొర మీద పొర వేసుకుంటూ పోయారు. ఆ ఒక్క భాగానికే మూడు వారాలు పట్టింది. తిరిగి తిరిగి టేపు ఎంత అరిగిందంటే, వెలుతురుకి పెట్టి చూస్తే అవతలిది కనబడేదట. అమలాపురంలో మా ఇంట్లో భజన క్యాసెట్లు అరగదీసినవాణ్ణి, అది నాకు బాగానే అర్థమవుతుంది.

రెండోది, అమెరికాలోనూ ఒకటో స్థానం అని రాశాను. లేదు. బ్రిటన్‌లో 9 వారాలు మొదటి స్థానంలో ఉంది, అమెరికాలో 1976లో 9వ స్థానం దాకానే వెళ్లింది. రెండు తొమ్మిదులూ కలగాపులగం చేసినట్టున్నాను.

నిడివి 5 నిమిషాల 55 సెకన్లు అన్నదీ, రేడియో జాకీ కెన్నీ ఎవరెట్ రెండు రోజుల్లో 14 సార్లు వేశాడన్నదీ సరైనవే. వాటిని ముట్టుకోలేదు. పాత పోస్టులో తప్పుగా రాసిన రెండు వాక్యాలే మార్చాను. బాబాయికి ఈసారి పూతరేకులు బాకీ.