ఫ్రిజ్ తలుపు మీదున్న వాగ్దాన కార్డుకి

డియర్ వాగ్దాన కార్డూ,

డిసెంబర్ 31 రాత్రి పన్నెండు దాటాక, చర్చిలో కొత్త ఏడాదికి దేవుడి వాగ్దానమంటూ బైబిలు వచనాల కార్డులు పెట్టే పళ్ళెంలో చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని నిన్ను తీశానని చుట్టాలందరికీ చెప్పుకున్నాను కదా, అందులో సగమే నిజం. ముందు నా చేతికొచ్చింది నువ్వు కాదు.

ముందొచ్చింది ఆదికాండము 12:1. దేవుడు అబ్రాముని నీ దేశాన్నీ బంధువులనీ తండ్రి ఇంటినీ వదిలి బయల్దేరమన్న మాట. అప్పటికి పది రోజుల ముందే మా ఆయనకి బ్యాంకులో ప్రమోషనూ, దాంతోపాటు గుంటూరు నుంచి ఒడిశాలోని బరంపురానికి బదిలీ వచ్చాయి, ఒప్పుకోవాలా వద్దా అన్నది జనవరి ఆఖరులోగా చెప్పాలి. నేనేం చేశాను? పాస్టర్ గారు అటు తిరగ్గానే ఆ కార్డు పళ్ళెంలో పడేసి, ఒకసారి కలిపి, నిన్ను తీశాను. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి." హమ్మయ్య!

ఇంటికొచ్చి నిన్ను ఫ్రిజ్‌కి అంటించి, దేవుడు కదలొద్దన్నాడు అని ప్రకటించాను. మా ఆయన నీళ్ళ సీసా తీసుకుంటూ నిన్ను చదివి, "ఊరకుండమన్నది బదిలీ గురించి కాదేమో, నీ నోటి గురించేమో" అన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు నేను. ఆ లెక్కన నిన్ను పాటించినట్టే అనుకో.

పైగా నీ వచనం ఉన్న 46వ కీర్తన మొత్తం తీసి చదివితే, నీ పై వచనంలో యుద్ధాలు మాన్పడం, విల్లు విరవడం ఉన్నాయి, సొంతిల్లూ క్వయర్ ప్రాక్టీసూ రెండు వీధుల అవతలున్న అమ్మా ఎక్కడా లేవు. పదో తరగతి పిల్ల గురించి కూడా లేదు. అయినా నాలుగు వారాలు "ప్రార్థనలో ఉన్నాం" అంటూ గడిపాను. ఇష్టంలేని పనిని వాయిదా వేయడానికి ఇంతకన్నా భక్తిగల మాట తెలుగులో లేదు. ఇంతా చేసి వెళ్ళాల్సింది నీనెవెకేం కాదు, 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు, ఇప్పటికీ తెలుగు వినపడుతుంది, గుంటూరులో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా దిగొచ్చు. నేను మాత్రం, దేవుడు నీనెవెకి వెళ్ళమంటే ఇంకో వైపు పారిపోయిన యోనాలాగా తర్షీషు ఓడ కోసం చూస్తున్నాను.

నీ తయారీ మీద కూడా నాకో ఫిర్యాదుంది. అబ్రాము 75 ఏళ్ళ వయసులో చెప్పినట్టే బయల్దేరితే, తీరా అక్కడికి చేరాక కరువొచ్చింది. అదే అధ్యాయం, పదో వచనం. దాన్ని పూలబొమ్మ పక్కన అచ్చువేసిన కార్డు ఒక్కటి చూపించు! అది చూసుంటే, మాట విన్నంత మాత్రాన గోంగూర దొరకాలి, పక్కింటివాళ్ళు మంచివాళ్ళై ఉండాలి అని బేరం పెట్టేదాన్ని కాదేమో.

సరే, జనవరి ఆఖరి రోజు ఆయన ఒప్పుకున్నారు, నేనే ఒప్పుకోమన్నాను. ఏ గుర్తూ రాలేదు, కల కూడా రాలేదు, భయం అలాగే ఉంది. ఆయన ముందు వెళ్ళారు, పరీక్షలయ్యాక మేం వెళ్తున్నాం. హాల్లో అట్టపెట్టెలు.

ఇంకొకటి. నేను పళ్ళెంలో పడేసిన ఆ కార్డు మా వెనక వరుసలో కూర్చునే మామ్మగారికి వెళ్ళింది. ఆవిడకి రెండు మోకాళ్ళూ పనిచేయవు. మొన్న ఆదివారం నా చెయ్యి పట్టుకుని, "ఈ వయసులో నన్నెక్కడికి లేచి వెళ్ళమంటున్నాడే దేవుడు?" అని అడిగింది. నాలుగు నెలలుగా సంచీ సర్దుకుని కూర్చుందట.

ఈ ఆదివారం నిన్ను ఫ్రిజ్ మీంచి ఊడదీసి తీసుకెళ్తున్నాను. ఆవిడ తిట్టేటప్పుడు నువ్వు నా పక్కనే ఉండాలి.

ఇట్లు,
రెండుసార్లు చెయ్యి పెట్టినామె